ముళ్ళపంది గుట్ట మీద ఎర్ర తొడుగులు

ఆ శనివారం పొద్దున ఆర్వో కొస్కెలా వేసుకొన్న పథకం చాలా చిన్నది. పది మందిని వెంటబెట్టుకొని ముళ్ళపంది గుట్ట ఎక్కాలి, పైనుంచి సరస్సు చూపించాలి, ఆ పది మందినీ మళ్ళీ కిందికి దించాలి. థండర్ బే ఊళ్ళో ఈ పని కుక్కలు కూడా చేస్తాయి. ఆర్వోకి మాత్రం అది పరువు సమస్య అయి కూర్చుంది.

కాగితం మిల్లు నుంచి రిటైరయ్యాక ఆర్వోకి ఈ లోకంలో మిగిలిన అధికారం ఒక్కటే, మెడలో వేలాడే ఈల. నడక క్లబ్బులో శనివారం నడక నడిపించేవాడికి ఆ ఈల ఇస్తారు. దాన్ని వేసుకొని ఆయన పచారీ కొట్టుకి కూడా వెళ్ళేవాడు. ఒకసారి స్నానానికి కూడా తియ్యలేదని ఆయన భార్య ఐలీ పదిమందిలో చెప్పింది.

ఆయనలో ఉన్న లోపమల్లా దారి గుర్తుండకపోవటం. మంచు పడితే చెట్లన్నీ ఆయనకి ఒకలాగే కనిపిస్తాయి. పోయిన చలికాలం సరస్సు చూపిస్తానని తీసుకెళ్ళి, అందరినీ ఒక పెద్దమనిషి పెరట్లోకి తేల్చాడు. ఆ పెద్దమనిషీ ఆయన తమ్ముడూ అప్పుడే ఆవిరి స్నానం గదిలోంచి బయటికొచ్చి, ఆ ఊరి అలవాటు కొద్దీ పుట్టినప్పటి వేషంలో మంచులో పొర్లుతున్నారు. నడిచేవాళ్ళలో పాస్టరు గారి భార్య కూడా ఉంది. ఆవిడ ఆ తర్వాత ఒక్క శనివారం కూడా మానలేదని, పైగా "ఇవాళ ఎటువైపు?" అని ఆశగా అడుగుతోందని లైల్ ఊరంతా చెప్పుకొచ్చాడు.

లైల్ పెరాల్ట్, ఆర్వో ఇద్దరూ మిల్లులో ఒకే మిషను మీద జీవితమంతా పనిచేశారు. అందుకని ఒకరంటే ఒకరికి పడదు. లైల్ కన్ను ఎప్పటినుంచో ఆ ఈల మీదే ఉంది. క్లబ్బు అధ్యక్షురాలు మార్లీన్ మెత్తని మనిషి, అయినా ఆ పెరటి సంగతి జరిగాక చెప్పెయ్యక తప్పలేదు.

"ఆర్వో గారూ, ఇంకొక్కసారి దారి తప్పితే ఈల లైల్ గారికి ఇచ్చెయ్యాలి. ఏమనుకోకండి, సారీ."

"నేను దారి తప్పలేదండీ. దారే కొంచెం అటు జరిగింది."

"సారీ" అంది మార్లీన్ మళ్ళీ. ఆ ఊళ్ళో ఆ మాటకి చాలా అర్థాలున్నాయి, "ఇక మీరు వెళ్ళొచ్చు" అనేది కూడా అందులో ఒకటి.

కనక ఈసారి ముందే వెళ్ళి మలుపు మలుపునా గుర్తులు పెట్టుకోవాలని ఆర్వో నిశ్చయించుకొన్నాడు. గుర్తులకి కట్టే నారింజ రంగు రిబ్బన్లు క్లబ్బు కొట్టంలో ఉన్నాయి. కొట్టం తాళంచెవి లైల్ దగ్గర ఉంది. లైల్‌ని అడగటం కంటే ఆ పెరట్లోకి మళ్ళీ వెళ్ళటం నయం.

పెరటి గుమ్మం పక్క అలమరలో ఒక పెద్ద సంచి ఉంది. అందులో ఐలీ వేసవి మొదలు అల్లుతూ వచ్చిన ఎర్ర ఊలు చేతితొడుగులు ఉన్నాయి. నాలుగు వేళ్ళకీ కలిపి ఒక సంచి, బొటనవేలికి విడిగా ఇంకో చిన్న సంచి, మణికట్టు దగ్గర తెల్లటి దేవదారు చెట్ల వరస. ఆ చెట్ల వరస ఆమె తల్లి నేర్పింది, ఊళ్ళో ఇంకెవరికీ రాదు. అవన్నీ ఆ మధ్యాహ్నం చర్చి సంతలో అమ్మకానికి పెట్టినవి.

ఆర్వో సంచి ముందు నిలబడి చాలాసేపు ధర్మశాస్త్రం ఆలోచించాడు. నడక మధ్యాహ్నం లోపలే అయిపోతుంది. దిగుతూ దిగుతూ అన్నీ ఏరుకొచ్చి సంచిలో వేసేస్తే సంత వేళకి ఎక్కడివక్కడ ఉంటాయి. దేవుడి పనికి అల్లినవి కాసేపు మనిషి పనికి వాడితే అరిగిపోతాయా? పైగా జత మొత్తం తీస్తే దొంగతనం అవుతుంది. జతలో ఒకటి తీస్తే అది అప్పే. అలా ఒక్కో జతలోంచి ఒక్కోటి లాగి కోటు లోపల కుక్కుకొన్నాడు. పోయినేడు ఐలీ కుట్టిన టేబుల్ గుడ్డతో పడవ ఇంజను తుడిచినప్పుడు ఆమె అన్న మాట ఆయనకి గుర్తుకు రాకపోలేదు. "ఇంకోసారి నా సామాను ముట్టుకో, చలికాలమంతా నీ పడక ఆ చేపల గుడిసెలోనే" అంది. చేపల గుడిసె అంటే గడ్డకట్టిన సరస్సు మీదికి లాక్కెళ్ళి, మంచుకి బొక్క కొట్టి గాలం వేసుకొనే చెక్క డబ్బా. అందులో కూర్చోవటానికే మోకాళ్ళు గడ్డానికి ఆనించాలి.

వంటింట్లోంచి ఐలీ తొంగిచూసింది. "అదేంటి, రాత్రికి రాత్రి పొట్ట అంత పెరిగింది?"

"చలి కదా, లోపల ఇంకో స్వెట్టరు వేశా."

"ఒకటేనా? కోడి గుడ్ల మీద కూర్చున్నట్టున్నావ్."

"నడకకి టైమైపోతోంది" అని ఆర్వో పిల్లిలా జారుకొన్నాడు.

తెల్లవారేసరికి గుట్ట మీద ఎక్కడెక్కడ మలుపు ఉందో అక్కడల్లా ఒక కొమ్మకి ఎర్ర తొడుగు వేలాడింది. తొడుగు బొటనవేలు ఎటు చూపిస్తే అటు తిరగాలి. ఇంత చక్కటి ఆలోచన ముప్పై ఏళ్ళలో లైల్ గాడి బుర్రకి తట్టిందా అని ఆర్వో తనకి తనే భుజం తట్టుకొన్నాడు. నడక మొదలయ్యే పై గేటు దగ్గర కారులో కూర్చొని, గులాబీ రంగు తీపి పూత పూసిన రొట్టె తింటూ, తన పది మంది కోసం ఎదురుచూశాడు.

ఆయన మర్చిపోయింది ఒకటే. తను ఏ ఊళ్ళో ఉన్నాడో మర్చిపోయాడు.

ఆ ఊరివాళ్ళకి పర్సు దొరికితే ఒక్క క్షణం ఆలోచిస్తారేమో గాని, ఒంటి తొడుగు కనపడితే ఆలోచించరు. ఎవరో పిల్లవాడికి చెయ్యి గడ్డకడుతోంది, వాడి కోసం ఎవరో వెనక్కి వస్తారు, వాళ్ళ కళ్ళబడేలా పెట్టాలి. మంచులోంచి తీసి, దులిపి, కొమ్మకో కంచెకో తగిలించి వెళ్ళటం అక్కడ నడక నేర్చిన రోజు నుంచీ నేర్చుకొనే మర్యాద. ఆర్వో కూడా జన్మలో అలా ఎన్ని తగిలించాడో లెక్కే లేదు.

గుట్టకి అవతల ఉన్న కింది గేటు నుంచి కుక్కని తీసుకొని బయల్దేరిన మార్లీన్‌కి మొదటి ఎర్ర తొడుగు కనిపించింది. "అయ్యో పాపం, ఇంత లోపల వేలాడదీస్తే ఎవరికి కనపడుతుంది?" అనుకొని, కార్లు ఆపే చోట కంచెకి తగిలిద్దామని జేబులో పెట్టుకొంది. ఇంకో మలుపులో ఇంకోటి. తర్వాత ఇంకోటి. జేబులు నిండాక కుక్క మెడ పట్టీకి కూడా దోపింది. ఆవిడ చెయ్యి అందని వాటిని ఆ వెనక వచ్చినవాళ్ళు అందుకొన్నారు. ఎవరి దయ కొద్దీ వాళ్ళు ఇంకాస్త కిందికి, ఇంకాస్త వెలుతురుకి జరిపి తగిలించారు. బొటనవేలు ఎటు చూస్తోందో ఎవరికి కావాలి?

కంచె మీద ఎర్ర తొడుగులు బారులు తీరేసరికి మార్లీన్‌కి గుండె ఝల్లుమంది. అన్నీ ఒకటే రంగు, ఒకటే అల్లిక, ఒక్కదానికీ జత లేదు. ఫోటో తీసి పేట వాళ్ళ ఫోను గ్రూపులో పెట్టింది. "ఏదో చిన్నపిల్లల తరగతి తొడుగులు పారేసుకొన్నట్టుంది. ఎవరివో చెప్పండి, సారీ."

"ఏ బడి?" అని ఒకరు అడిగారు. "ఇవాళ శనివారం, బడి ఎక్కడిది?" అని ఇంకొకరు. "బడి లేకపోతే ఇంతమంది పిల్లలు అడవిలో ఏం చేస్తున్నట్టు?" అని మూడోవారు. "అందరికీ ఒక్క చేతిదే పోయిందంటే, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకొని నడిచారన్నమాట" అని ఎక్కువ తెలిసిన నాలుగోవారు. ఆ మాటతో అందరి కళ్ళ ముందూ చేయి చేయి పట్టుకొన్న పసిపిల్లల వరస కదిలింది. ఇక ఆ వరస ఇంటికి తిరిగి రాలేదని చెప్పటానికి ఐదోవారు అక్కర్లేకపోయింది.

ఇదేమీ తెలియని ఆర్వో పై గేటు దగ్గర ఈల ఊదాడు. పది మంది కదిలారు. పదకొండోవాడు లైల్, తప్పు పట్టటానికి వచ్చాడు.

"ఇవాళ ఎవరి పెరడు రా ఆర్వో?"

"నోర్మూసుకొని నడు."

పాస్టరు గారి భార్య జవాబు కోసం చెవులు రిక్కించి, రాకపోయేసరికి నిట్టూర్చింది.

మొదటి రెండు మలుపులూ బ్రహ్మాండంగా కలిసొచ్చాయి. ఎర్ర తొడుగు, బొటనవేలు, అటే దారి. ఆర్వో నడకలో మిల్లు ఫోర్‌మన్ దర్పం దిగింది. పెద్ద చీలిక దగ్గర తొడుగు ఎడమవైపు చూపించింది. కుడి అనుకొన్నానే అని ఒక్క క్షణం తటపటాయించి, తన బుర్ర కంటే తొడుగునే నమ్మటం మంచిదనిపించి ఎడమకి తిరిగాడు. కాసేపటికి తొడుగులు దగ్గర దగ్గరగా రావటం మొదలెట్టాయి. నాలుగడుగులకొకటి. తను ఇన్ని పెట్టాడా?

తర్వాత వచ్చింది ఎర్రది కాదు, పచ్చది. ఆ పక్క కొమ్మకి పసిపిల్ల మేజోడు. ఆ పక్కన టోపీ. వరసగా వేలాడుతున్నవి చూసి, పోయినవన్నీ పెట్టే చోటు ఇదేననుకొని దారిన పోయేవాళ్ళు ఎన్నాళ్ళ నుంచో కోటు జేబుల్లో దాచుకు తిరుగుతున్నవన్నీ తగిలించేసి పోయారు. ఒక కొమ్మ చీలికలో కట్టుడు పళ్ళ సెట్టు కూడా ఉంది.

లైల్ దాని ముందు ఆగి చేతులు కట్టుకొన్నాడు. "ఆర్వో, ఇది ఎటు వెళ్ళమంటోంది?"

"అది... గుర్తు కాదు."

"నిన్ను చూసి నవ్వుతోంది రా. దానికున్న తెలివి నీకు లేదు." పది మంది వైపూ తిరిగాడు. "బాబూ, సరస్సు చూడాలనుకొన్నవాళ్ళు నాతో రండి. ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్నా ఈ గుట్ట. నాకు తొడుగులూ అక్కర్లేదు, పళ్ళూ అక్కర్లేదు."

ఎవరూ కదల్లేదు. లైల్ మీద నమ్మకం లేక కాదు, ఆర్వో వెంట ఉంటే ఏదో ఒకటి చూడొచ్చని. లైల్ ముఖం మాడ్చుకొని, పైనుంచి ఫోటో తీసుకొచ్చి నీ ముఖాన కొడతానని చెప్పి, ఒక్కడే పైకి వెళ్ళిపోయాడు.

మిగతా అందరూ తొడుగు తర్వాత తొడుగు పట్టుకొని నడిచి, చెట్లు పలచబడగానే ఒక్కసారి బయటపడ్డారు. ఎదురుగా సరస్సు లేదు. కింది గేటు, కార్లు ఆపే చోటు, దాని నిండా జనం. అగ్నిమాపక బండి. మంచు మీద నడిచే మోటారు బళ్ళు అరడజను. కంచె పొడుగునా ఎర్ర తొడుగులు. ఒక తల్లి తన ఇద్దరు పిల్లల్నీ రెండు చేతులా పట్టుకొని, పిల్లలు తప్పిపోయారని ఏడుస్తోంది. చర్చి ఆడవాళ్ళు సంత ఏర్పాట్లు వదిలేసి బఠాణీ సూపు గిన్నెలతో దిగారు. గరిటె పట్టుకొన్నది ఐలీ.

ఆర్వో ఒక అడుగు వెనక్కి వేశాడు.

గాలింపు జట్టు నాయకుడు డెనిస్ పరుగెత్తుకొచ్చాడు. "పైనుంచేనా వస్తున్నారు? పిల్లలెవరైనా కనపడ్డారా?"

"ఏ పిల్లలు?"

"ఒక తరగతి మొత్తం తప్పిపోయింది సార్. ఏదైనా ఆనవాలు చూశారా?"

"లేదు" అన్నాడు ఆర్వో.

"అయ్యో, చూశాం కదా!" అంది పాస్టరు గారి భార్య ఉత్సాహంగా. "దారి పొడుగునా ఎర్ర తొడుగులే. ఆర్వో వాటిని చూసుకొంటూనే మమ్మల్ని తీసుకొచ్చారు. ప్రతిదాని దగ్గరా ఆగి తలాడించారు కూడా."

డెనిస్ ఆర్వో రెండు చేతులూ పట్టుకొని ఊపాడు. "ఆనవాళ్ళు పట్టుకొని వెతుకుతున్నారన్నమాట! మీలాంటివాళ్ళు ఉండాలి సార్."

కంచె దగ్గర ఐలీ ఒక తొడుగు తీసి అటూ ఇటూ తిప్పింది. మణికట్టు దగ్గర తెల్ల దేవదారు చెట్లు చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. సూపు గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తాగు. వేడివేడిగా ఉంది. ఈ చలికాలానికి ఇదే ఆఖరిది కావచ్చు."

"ఐలీ, నేను చెప్తా విను..."

"నాకెందుకు? వాళ్ళకి చెప్పు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తే ఈల పోతుందే!"

"చెప్పకపోతే?"

అంతలో గుట్ట వైపు నుంచి మోటారు బండి హోరు వినపడింది. "దొరికారు, దొరికారు!" అని జనం అటు తోసుకొన్నారు. బండి మీద దుప్పట్లో చుట్టిన ఆకారం ఒకటి. దుప్పటి తీసి చూస్తే లైల్. మీసాలకి మంచు వేలాడుతోంది. తన తొడుగు ఎక్కడో పారేసుకొని, ఆ చేతికి ఎర్ర ఊలు తొడుగు వేసుకొన్నాడు. పెద్ద చీలికకి పైన ఎవరూ ముట్టుకోకుండా మిగిలింది అదొక్కటే.

"మొద్దు మీద కూర్చొని అమ్మని పిలుస్తున్నాడు" అన్నాడు బండి నడిపినవాడు.

"నేను తప్పిపోలేదు!" అని లైల్ అరిచాడు. "విశ్రాంతి తీసుకొంటున్నా!"

"అందరూ అలాగే అంటారు లెండి" అని డెనిస్ ఆయన ఎర్ర తొడుగు వైపు చూసి, జనం వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "ఒకళ్ళు దొరికారు! మిగతావాళ్ళు పైనే ఉండాలి. చీకటి పడేలోగా దొరక్కపోతే కష్టం. హెలికాప్టరుకి చెప్తున్నా."

ఏడుస్తున్న తల్లి ఇంకా గట్టిగా ఏడ్చింది. కుర్రాళ్ళు చలికి చేతులు చంకల్లో పెట్టుకొని మళ్ళీ బళ్ళెక్కుతున్నారు. లేని పిల్లల కోసం ఉన్న పిల్లలు గడ్డకట్టబోతున్నారు. ఈల పోతే పోనీ, గుడిసె అయితే గుడిసే. ఈల నోట్లో పెట్టుకొని ఊపిరంతా కూడదీసుకొని ఊదాడు. అందరూ ఆగిపోయారు.

"పిల్లలెవరూ తప్పిపోలేదు" అన్నాడు. "తొడుగులు నేనే పెట్టా. నాకు దారి గుర్తుండదు. ఎప్పుడూ గుర్తుండదు. ఈల ఎక్కడ పోతుందోనని గుర్తులు పెట్టుకొన్నా. అవి మా ఆవిడవి, అడక్కుండా తీసుకొచ్చా. ఇంతే."

ఆర్వో కళ్ళు మూసుకొని తిట్ల కోసం సిద్ధపడ్డాడు.

"సారీ" అంది మార్లీన్. "నేనే కదా వాటిని పీకింది."

"సారీ సార్" అన్నాడు డెనిస్. "నేను ముందే లెక్క సరిచూసుకోవాల్సింది."

ఏడుస్తున్న తల్లి తన పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టుకొని సారీ చెప్పింది. కింది మలుపుకి జరిపినవాళ్ళు, మేజోడు తగిలించినవాళ్ళు, గ్రూపులో నాలుగోవారు, ఐదోవారు కాబోయి ఆగినవారు, అందరూ వరసకట్టి సారీ చెప్పారు. కట్టుడు పళ్ళ పెద్దాయన, నడిచినవాళ్ళెవరో కొమ్మ మీంచి తెచ్చిన తన పళ్ళు పెట్టుకొని మరీ వచ్చి చెప్పాడు. దుప్పట్లోంచి లైల్ కూడా ఏదో గొణిగాడు గాని, అది సారీ అని ఆర్వో ఇప్పటికీ ఒప్పుకోడు.

సారీ చెప్పనిది ఐలీ ఒక్కతే. గరిటెతో సూపు గిన్నె మీద టంగుమని కొట్టింది.

"అయిపోయాయా మీ మర్యాదలు? సరే వినండి. హడావిడిలో తొడుగులు మర్చిపోయి వచ్చినవాళ్ళు ఎంతమందో చూస్తూనే ఉన్నా. అందరి చేతులూ చంకల్లోనే ఉన్నాయి. కంచె మీంచి తలా ఒకటి వేసుకోండి. రెండోది చర్చిలో ఉంది. సూపు ఊరికే పోస్తున్నా, రెండోది మాత్రం ఊరికే రాదు."

ఒక చెయ్యి వెచ్చగా, ఒక చెయ్యి చల్లగా ఉన్న మనిషి నిలవలేడు. అగ్నిమాపక బండితో సహా ఊరేగింపు చర్చికి కదిలింది. ఏటా సాయంత్రం దాకా మిగిలిపోయే ఐలీ తొడుగులు టేబులు మీద గుడ్డ పరిచేలోపే అయిపోయాయి. కొనుక్కొన్న ప్రతివాడూ అది తను అడవిలోంచి కాపాడి తెచ్చిందేనని పక్కవాడికి చెప్పాడు. ఐలీ తల్లి నేర్పిన దేవదారు చెట్లు ఆ పూట నుంచి ఊరంతా తిరుగుతున్నాయి. ఆమె అది చూసి ఎవరికీ కనపడకుండా ముక్కు తుడుచుకొంది.

సంత ముగిశాక మార్లీన్ ఆర్వో ముందుకొచ్చి చెయ్యి చాచింది. ఆర్వో మెడలోంచి ఈల తీసి ఇచ్చాడు. మెడ ఒక్కసారి బోసిగా అనిపించి, చొక్కా గుండీ పై దాకా పెట్టుకొన్నాడు. లైల్ దుప్పటి సర్దుకొని ముందుకొచ్చాడు.

"సారీ లైల్ గారూ. గాలించి పట్టుకొచ్చిన మనిషికి ఈల ఇవ్వకూడదని క్లబ్బు నియమం."

"అలాంటి నియమం ఎప్పుడు పెట్టారు?"

"ఇప్పుడే. సారీ." మార్లీన్ ఈల తీసుకెళ్ళి ఐలీ మెడలో వేసింది. "ఇన్నేళ్ళలో ఈ ఊరంతా ఒకేసారి గుట్ట దగ్గరికి రావటం ఇదే మొదలు. మీ వల్లే వచ్చారు."

"నాకు దారి తెలుసు కూడా" అంది ఐలీ. "నలభై ఏళ్ళుగా ఈయన్ని వెతుక్కొంటూ ఆ గుట్టంతా తిరిగాను."

చేపల గుడిసె మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవటమే ఆర్వోని ఎక్కువ భయపెట్టింది.

తర్వాతి శనివారం ఐలీ ముందు నడిచింది. అందరికీ సరస్సు కనపడింది, పాస్టరు గారి భార్య ఒక్కతే కొంచెం నిరాశపడింది. అందరికంటే చివర ఆర్వో, లైల్ నడిచారు. కొట్టంలోంచి తీసిన నారింజ రిబ్బన్లు ఇద్దరి వీపులకీ ఐలీ స్వయంగా కట్టింది.

దిగేటప్పుడు మలుపులో మంచు మీద ఒక ఒంటి తొడుగు పడి ఉంది, నీలం రంగుది, చిన్నపిల్లలది. ఆర్వో ఆగాడు. లైల్ ఆగాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఆ తర్వాత థండర్ బేలో పుట్టినవాడు ఎవడూ ఎన్నడూ చెయ్యని పని చేశారు, చేతులు జేబుల్లో పెట్టుకొని దాన్ని దాటి వెళ్ళిపోయారు.